లాగుడుతాడు నుండి లాగుడుబండి వరకు

నూరు కిలోల బియ్యపు బస్తాను భుజాన వేసుకొని ఏ మనిషీ ఎంతో దూరం నడవలేడు. కాని ఒకప్పుడు అదే మనిషి మరి ఇద్దరు ముగ్గురితో కలిసి, అటువంటి బస్తాలు రెండు వందలు నింపిన పడవను తాడు పట్టి లాగుకుంటూ, నిడదవోలు నుండి తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా తీసుకొని పోయేవాడు. ఇరవై టన్నుల బరువును మనుషులు నడుచుకుంటూ లాగడం చూసేవారికి వింతగా తోచవచ్చు. ఇందులో మాయ ఏమీ లేదు. బరువును మోయడం వేరు, లాగడం వేరు. మోసేటప్పుడు బరువంతా మనిషి మీద పడుతుంది. లాగేటప్పుడు ఆ బరువును నీరో, నేలో మోస్తుంది. మనిషి దాని కదలికకు అడ్డువచ్చే నిరోధాన్ని మాత్రం జయిస్తే చాలు.

ఈనాడు ఆ కాలువకు దగ్గరలోనే జాతీయ రహదారి మీద చెడిపోయిన కార్లను ఇతర వాహనాలు లాగుకొని పోతూ ఉంటాయి. పడవకు కట్టిన తాడుకూ, కారును లాగే బండికీ ఒకే శాస్త్రం వర్తిస్తుంది. కాని ఒక తేడా ఉన్నది. కాలువలో కష్టమంతా లాగడంలోనే ఉండేది. రోడ్డు మీద లాగడం తేలిక, ఆపడమే కష్టం. ఈ సంగతి తెలియకపోవడం వల్ల రోడ్ల మీద ప్రమాదాలు జరుగుతున్నాయి. ఇది ఎట్లా సంభవించిందో తెలుసుకోవాలంటే కాలువ కథతో మొదలుపెట్టాలి.

రెండు నదులు కలిసిన ఊరు

గోదావరికి ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో పూర్తి అయినది. దానిని రూపొందించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ (1803–1899). కృష్ణానదికి బెజవాడ వద్ద ఆనకట్ట 1855 నాటికి సిద్ధమయింది. ఈ ఆనకట్టల వలన లక్షల ఎకరాలకు నీరు అందిన సంగతి అందరికీ తెలిసినదే. కాని కాటన్ దృష్టిలో కాలువ ఉపయోగం సాగునీటితో ముగిసేది కాదు. అది సరకులు పోయే బాట కూడా. రైలు కంటె నీటిమార్గం చవక అని ఆయన జీవితాంతం వాదిస్తూ వచ్చాడు.

గోదావరి కుడిగట్టున విజ్జేశ్వరం వద్ద బయలుదేరిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. బెజవాడ నుండి వచ్చే కృష్ణా కాలువ కూడా ఏలూరుకే చేరుతుంది. ఈ విధంగా రెండు నదుల నీళ్లు ఏలూరులో కలిశాయి. రెండు డెల్టాల నడుమ ఉన్న పల్లపు ప్రదేశం కొల్లేరు. ఏలూరు దానికి ఎగువ అంచున ఉన్నది. కనుక రెండు వైపుల నుండీ కాలువలు ఏలూరు దిక్కుకే ప్రవహిస్తాయి. ఇందువలన పడవవాళ్లకు ఒక విచిత్రమైన అనుభవం కలిగేది. ఏలూరుకు ఎటునుండి వచ్చినా ప్రవాహం వెంట రావడమే. ఏలూరు నుండి ఎటు పోయినా ప్రవాహానికి ఎదురు పోవడమే.

కృష్ణకు దక్షిణాన కొమ్మమూరు కాలువ, ఆ తరువాత బకింగ్‌హాం కాలువ ఉన్నాయి. 1877–78 నాటి కరువు పనులలో విస్తరించిన ఈ చివరి కాలువకు 1878లో ఆనాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఈ కాలువలన్నీ కలిసిన మీదట కాకినాడలో సరకు ఎత్తిన పడవ సముద్రం ముఖం చూడకుండానే మద్రాసు చేరగలిగేది. ఆ దారిలో రాజమహేంద్రవరానికీ విజయవాడకూ నడుమ ఉన్న ఏలూరు కాలువ పొడవు 139 కిలోమీటర్లు.

తాడు, స్తంభం, చుక్కాని

కాలువలో గాలి అనుకూలిస్తే పడవకు తెరచాప ఎత్తేవారు. లోతు తక్కువైన చోట గెడలతో నెట్టేవారు. గాలి లేనప్పుడు, ప్రవాహానికి ఎదురు పోవలసినప్పుడు తాడే గతి. తాడు ఒక కొసను పడవ స్తంభానికి కట్టి, రెండవ కొసను గట్టు మీద నడిచే మనుషులు భుజాలకు తగిలించుకొని, ముందుకు వంగి అడుగులు వేసేవారు. తాడును పడవ ముక్కుకు కాక ఎత్తైన స్తంభానికి కట్టడానికి కారణం ఉన్నది. గట్టు మీది పొదలకూ, రేవులో కట్టిన ఇతర పడవలకూ తగలకుండా తాడు పైనుండి పోతుంది.

గట్టు మీదనుండి లాగితే పడవ గట్టుకే రావాలి గదా, నడిమి కాలువలో తిన్నగా ఎట్లా పోతుంది అని విద్యార్థులు అడగవచ్చు. తాడులోని బలాన్ని రెండు అంశాలుగా విడదీస్తే సమాధానం దొరుకుతుంది. ఒక అంశం పడవను ముందుకు లాగుతుంది. రెండవది పక్కకు, అనగా గట్టువైపుకు లాగుతుంది. తాడు పొడవు 30 మీటర్లు, పడవకూ గట్టుకూ మధ్య దూరం 5 మీటర్లు అనుకుంటే, పక్కకు లాగే అంశం మొత్తంలో ఆరో వంతు మాత్రమే. తాడు 10 మీటర్లే అయితే అది సగం అవుతుంది. అందుకే పడవవాళ్లు పొడుగు తాడునే వాడేవారు. మిగిలిన ఆ కాస్త పక్కలాగుడును సరంగు చుక్కాని తిప్పి సరిపెట్టేవాడు. త్రికోణమితి చదువుకోకపోయినా ఆయన చేతికి ఈ లెక్క తెలుసు.

పడవను ఆపేటప్పుడు మరొక నేర్పు కావాలి. తాడు లాగగలదు గాని వెనుకకు నెట్టలేదు. మనుషులు నడక ఆపినంత మాత్రాన ఇరవై టన్నుల పడవ ఆగదు. తన జడత్వంతో ముందుకు సాగుతూనే ఉంటుంది. లాకుల దగ్గర అట్లా సాగితే లాకు తలుపును ఢీకొంటుంది. అందుచేత చాలా ముందుగానే లాగడం మాని, గెడలు దించి నెమ్మదింపజేయాలి. లేదా గట్టున పాతిన గుంజకు తాడును రెండు మూడు చుట్లు వేసి, కొంచెం కొంచెంగా వదలాలి. గుంజకూ తాడుకూ మధ్య ఘర్షణే అక్కడ బ్రేకు.

తక్కువ బలంతో ఎక్కువ బరువు

నీటిలో నెమ్మదిగా కదిలే వస్తువుకు నిరోధం చాలా తక్కువ. ఇంగ్లండు కాలువల చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన పోలిక ఉన్నది. ఆ నాటి గతుకుల రోడ్డు మీద బండికి కట్టిన ఒక గుర్రం సుమారు ఒక టన్ను లాగితే, కాలువలో అదే గుర్రం 25, 30 టన్నుల పడవను లాగేది.

కాని నీరు ఈ ఉపకారాన్ని ఒక షరతు మీద చేస్తుంది. వేగం రెండు రెట్లయితే నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. కనుక పడవ మనిషి నడక వేగంతో పోయినంత కాలమే అది తేలిక. తొందరపడినవాడికి నీరు గోడవలె అడ్డు నిలుస్తుంది. ఒక విధంగా ఇది రక్షణ కూడా. నీటి స్వభావమే పడవను ఎక్కువ వేగం అందుకోనివ్వదు.

వేగానికి ఎంత ప్రాముఖ్యం ఉన్నదో ఒక లెక్క వల్ల స్పష్టమవుతుంది. కదిలే వస్తువులోని గతిశక్తి దాని ద్రవ్యరాశినీ, వేగం యొక్క వర్గాన్నీ గుణించి సగం చేస్తే వస్తుంది. 20,000 కిలోల పడవ సెకనుకు 1 మీటరు వేగంతో పోతుంటే దాని గతిశక్తి 10,000 జౌళ్లు. 1,000 కిలోల కారు సెకనుకు 20 మీటర్లు, అనగా గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి 2,00,000 జౌళ్లు. పడవ బరువులో ఇరవయ్యో వంతు ఉన్న కారులో పడవకు ఇరవై రెట్ల శక్తి ఉన్నది! ఆపవలసి వచ్చినప్పుడు ఈ శక్తినంతా ఎక్కడో ఒకచోట ఖర్చుపెట్టాలి. కాలువ గట్టున గుంజ చేసిన పని రోడ్డు మీద బ్రేకులు చేయాలి.

కొల్లేటి దోనె, ఎద్దుబండి

కాలువకు దిగువన కొల్లేటిలో పెద్ద పడవలకు తావు లేదు. లోతు తక్కువ, నాచూ తుంగా ఎక్కువ. అక్కడివారు తాటిమాను తొలిచి దోనె చేసుకొని గెడతో నడుపుకొనేవారు. వేసవిలో సరస్సు కుదించుకొని పోయినప్పుడు, నీరు తీసిన మేర ఎద్దుబండి పోవలసిందే. నల్లరేగడిలో ఇనుపపట్టా వేసిన చక్రం దిగబడితే కాలువలో లేని కష్టమంతా ఎద్దులకు అనుభవమయ్యేది.

ఎద్దుబండిలో లాగుడుబండికి పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నది. రెండు చక్రాల బండికి ఇరుసే తరాజు ముల్లు. బస్తాలు ముందుకు ఎక్కువగా వేస్తే కాడి ఎద్దుల మెడల మీద బరువుగా కూర్చొని పుండ్లు పడతాయి. వెనుకకు ఎక్కువగా వేస్తే కాడి పైకి లేచి, మెడ కింది తాడు గొంతుకు బిగుస్తుంది. అందుకే అనుభవం గల బండివాడు కాడి మీద కొద్దిపాటి బరువు మాత్రం ఉండేటట్లు సరకు సర్దేవాడు. పల్లానికి దిగేటప్పుడు మరొకటి గమనించేవాడు. అప్పటిదాకా ఎద్దులు బండిని లాగాయి. ఇప్పుడు బండి ఎద్దులను నెడుతుంది. తాడుకు లేని ఈ గుణం నొగకు ఉన్నది. గట్టి కొయ్యతో కలిపిన రెండు వస్తువులలో లాగుడూ నెట్టుడూ రెండూ సాగుతాయి.

రైలు నేర్పిన పాఠం

1893లో బెజవాడ నుండి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా గోదావరి ఒడ్డుకు రైలు వచ్చింది. 1900లో రాజమహేంద్రవరం వద్ద హేవలాక్ వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయి. కాలువ పడవలు వెంటనే మాయం కాలేదు. ధాన్యం, కలప, కొబ్బరి వంటి తొందరలేని సరకులు చాలా దశాబ్దాలు పడవ మీదనే ప్రయాణం చేశాయి. రైలూ, దాని వెనుక లారీ క్రమంగా ఆ సరకును కూడా లాగుకొన్నవి.

ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి దొర్లుడు ఘర్షణ అతిస్వల్పం. ఒక ఇంజను పదుల కొద్దీ పెట్టెలను లాగగలిగింది. కాని ఇంజనుకు మాత్రమే బ్రేకు ఉన్నంత కాలం ఆ పెట్టెలు ఆగేటప్పుడు వెనుకనుండి నెట్టుకొని వచ్చేవి. పెట్టెలలో అక్కడక్కడ మనుషులను పెట్టి చేతి బ్రేకులు తిప్పించేవారు. 1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకు పేటెంటు పొందాడు. దానివలన ప్రతి పెట్టె చక్రాలకూ బ్రేకు ఒకేసారి పడే అవకాశం కలిగింది. 1872 నాటి తన రెండవ పద్ధతిలో ఆయన ఇంకొక అడుగు వేశాడు. పెట్టెల లంకె తెగి గొట్టం ఊడిపోతే, గాలి ఒత్తిడి తగ్గి బ్రేకులు తమంతట తామే పడతాయి.

ఇందులోని సూత్రం రెండు మాటల్లో చెప్పవచ్చు. లాగబడే బండికి స్వంత బ్రేకు ఉండాలి. లంకె తెగితే ఆ బ్రేకు దానంతట అది పడాలి. రైలు దీనిని నూటయాభై ఏండ్ల కిందటనే నేర్చుకొన్నది. రోడ్డు మీది బండ్లు ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. డెల్టా రోడ్ల మీద ధాన్యం, చెరకు, చేపలు మోసే ట్రాక్టరు ట్రైలర్లలో ఎన్నింటికో స్వంత బ్రేకు లేదు.

కారు ఆగిపోయినప్పుడు

మోటారు కార్లు వచ్చిన కొత్తలో చెడిపోయిన కారును ఎద్దులూ మనుషులే లాగేవారు. అమెరికాలో టెనిసీ రాష్ట్రపు చట్టనూగా పట్టణంలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గరాజు యజమాని, వాగులో పడిన ఒక కారును తాళ్లతో, మనుషులతో ఎన్నో గంటలు తంటాలుపడి బయటికి తీశాడు. ఆ శ్రమ చూసిన మీదట, 1916లో మరొక కారు మీద స్తంభమూ, కప్పీ, గొలుసూ అమర్చి లాగుడు వాహనాన్ని తయారుచేశాడు. ఆధునిక క్రేను బండ్లకు అదే మూలపురుషుడు.

తెలుగునాట కారు లాగడానికి ఎక్కువగా వాడినది తాడే. తాడు లాగగలదు, నెట్టలేదు గనుక వెనుక కారులో కూడా ఒక మనిషి కూర్చొని స్టీరింగు తిప్పాలి, బ్రేకు వేయాలి. 1989లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన రోడ్డు నియమాలు ఈ సంగతినే శాసనంగా చెప్పాయి. లాగబడే వాహనంలో డ్రైవరు ఉండాలి. లేదా దాని స్టీరింగు చక్రాలు నేలకు తగలకుండా గట్టిగా ఎత్తి పట్టబడి ఉండాలి. రెండు వాహనాల నడుమ దూరం 5 మీటర్లు మించరాదు. వేగం గంటకు 24 కిలోమీటర్లు మించరాదు. 2017లో ఈ నియమాల స్థానంలో కొత్తవి వచ్చాయి. అయినా పై రెండు మార్గాలలోని తర్కం మారలేదు: వెనుక కారును ఎవరో ఒకరు అదుపులో ఉంచాలి, మనిషి గాని, యంత్రం గాని.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో ఈ అవసరం పెద్దయెత్తున కనిపించింది. కొల్లేటిలో కలిసే బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచివేసింది. వేలకొలది వాహనాలు నీట మునిగాయి. మునిగిన కారును తాళం తిప్పి నడపబోతే ఇంజను చెడుతుంది. గాలి నొక్కితే కుదించుకొంటుంది గాని నీరు కుదించుకోదు. సిలిండరులో నీరుంటే పిస్టను పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కనుక అటువంటి కారును నడపక, లాగించుకొనే మరమ్మతుకు చేర్చాలి.

టో డాలీ అంటే ఏమిటి?

కారు లాగడానికి మూడు పద్ధతులు ముఖ్యమైనవి. మొదటిది తాడు లేక గట్టి కడ్డీ. ఇందులో కారు నాలుగు చక్రాలూ నేల మీదనే ఉంటాయి. రెండవది చదును వేదిక గల లారీ. ఇందులో నాలుగు చక్రాలూ పైకెక్కుతాయి. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్నది టో డాలీ. ఇది రెండు చక్రాల చిన్న బండి. కారు ముందు చక్రాలను వాలుపలకల మీదుగా దీనిపైకి ఎక్కించి, పట్టీలతో బిగిస్తారు. వెనుక చక్రాలు నేల మీద దొర్లుతూ వస్తాయి. డాలీ ముందు కొయ్యను లాగే వాహనం వెనుక ఉన్న గుండుకు తగిలిస్తారు. అమెరికాలో ఇది చాలా వాడుకలో ఉన్నది. భారతదేశంలో ఎక్కువగా కనబడేవి క్రేను బండ్లు, చదును వేదిక లారీలు. డాలీ వాటికంటె తేలిక, చవక. కాని వాడేవాడికి తెలివి ఎక్కువ కావాలి.

ఏ కారుకు తగును?

మొదట చూడవలసినది ఇంజను శక్తి ఏ చక్రాలకు పోతుంది అన్నది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది. ఆ తరువాత వచ్చిన చిన్న కార్లలో హెచ్చు భాగం ఇట్టివే. వీటి ముందు చక్రాలను డాలీ మీద కడితే, నేల మీద దొర్లే వెనుక చక్రాలకు గేరుపెట్టెతో సంబంధం ఉండదు. పైగా ఇటువంటి కార్ల బరువులో సుమారు అరవై వంతులు ముందు ఇరుసు మీదనే ఉంటుంది గనుక, అధిక భారం డాలీ మీద కుదురుగా కూర్చుంటుంది.

2014 వరకు తయారైన అంబాసిడర్ సంగతి వేరు. దానిలో శక్తి ప్రొపెల్లర్ షాఫ్టు గుండా వెనుక చక్రాలకు పోతుంది. ముందు చక్రాలు ఎత్తి లాగితే వెనుక చక్రాలతో పాటు షాఫ్టూ, గేరుపెట్టెలోని కొన్ని భాగాలూ తిరుగుతాయి. ఇంజను ఆగి ఉన్నందున అన్ని భాగాలకూ నూనె సరిగా అందదు. దూరం పోవలసివస్తే షాఫ్టును విప్పివేయాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లకు డాలీ పనికిరాదు. వాటిని చదును వేదిక మీదనే తీసుకొని పోవాలి. విద్యుత్ కార్లలో చక్రం తిరిగితే మోటారు కూడా తిరిగి విద్యుత్తు పుట్టించవచ్చు. అందుచేత మోటారు తిప్పే చక్రాలు నేల మీద దొర్లకూడదు.

వరదలో మునిగిన కారుకు మరొక పరీక్ష ఉన్నది. బురదవల్ల వెనుక బ్రేకులు పట్టుకొనిపోయి చక్రాలు తిరగకపోవచ్చు. చేత్తో నెట్టి చూసి, వెనుక చక్రాలు స్వేచ్ఛగా దొర్లకపోతే డాలీ ఆలోచన మానుకోవాలి.

లాగే బలం, నెట్టే బలం

ఇప్పుడు అసలు విషయానికి రావచ్చు. 1,000 కిలోల కారు, 250 కిలోల డాలీ కలిసి 1,250 కిలోలు అనుకుందాం. గట్టి చదును రోడ్డు మీద రబ్బరు చక్రాల దొర్లుడు నిరోధం బరువులో సుమారు నూటికి ఒకటిన్నర వంతు. అంటే ఈ మొత్తాన్ని నిలకడగా నెమ్మదిగా లాగడానికి 19 కిలోల బలం చాలు. ఇద్దరు మనుషులు చాలు! ఇది చూసి ఏ చిన్న వాహనమైనా ఈ పని చేయగలదని చాలామంది పొరబడతారు.

లాగే వాహనం కూడా 1,250 కిలోలే అనుకొని, డాలీకి బ్రేకులు లేవనుకుందాం. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ వాహనం బ్రేకు వేస్తే సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గగలదు. గంటకు 72 కిలోమీటర్ల వేగం నుండి అది 40 మీటర్లలో ఆగుతుంది. ఇప్పుడు అవే బ్రేకులు రెట్టింపు బరువును ఆపాలి. కనుక వేగం తగ్గే రేటు సగమై, ఆగే దూరం 80 మీటర్లవుతుంది. డ్రైవరు అపాయాన్ని గ్రహించి కాలు కదపడానికి పట్టే ఒక సెకనులో గడిచే 20 మీటర్లు దీనికి అదనం. వేగాన్ని గంటకు 36 కిలోమీటర్లకు తగ్గిస్తే, ఆ 80 మీటర్లు 20 అవుతాయి. వేగం సగమైతే దూరం నాలుగో వంతు అవుతుంది. నెమ్మదిగా పొమ్మని చెప్పడంలో ఉన్న బలం ఇదే.

ఇంతేకాదు. బ్రేకు వేసినంతసేపూ వెనుకనున్న 1,250 కిలోలు ముందు వాహనాన్ని సుమారు 320 కిలోల బలంతో నెడుతూ ఉంటాయి. లాగడానికి 19, ఆపేటప్పుడు నెట్టుడు 320. దాదాపు పదిహేడు రెట్లు. రోడ్డు తిన్నగా ఉంటే ఈ నెట్టుడు తిన్నగా పోతుంది. మలుపులో బ్రేకు వేస్తే అది ముందు వాహనపు వెనుక భాగాన్ని పక్కకు తోస్తుంది. వాన పడి జారుడుగా ఉన్న రోడ్డు మీద రెండు వాహనాలూ చాకు మడిచినట్లు మడతపడి తిరగబడవచ్చు.

కాబట్టి డాలీని ఎన్నుకొనేటప్పుడు మొదటి ప్రశ్న దాని బ్రేకులను గురించి ఉండాలి. ఐరోపా దేశాలలో 750 కిలోలు మించిన ట్రైలరుకు స్వంత బ్రేకు తప్పనిసరి. కొన్ని డాలీలలో ఆ నెట్టుడునే పనిలో పెట్టే ఉపాయం ఉన్నది. ముందు వాహనం నెమ్మదించగానే డాలీ ముందుకు తోసుకొనివస్తుంది. ఆ తోపు ఒక పిస్టనును నొక్కుతుంది. నూనె ఒత్తిడి డాలీ చక్రాల బ్రేకులను బిగిస్తుంది. ఎంత నెడితే అంత బ్రేకు. రెండవ ప్రశ్న లాగే వాహనం బరువు. అది కారూ డాలీ కలిసిన బరువు కంటె ఎక్కువ ఉండడం మంచిది. తయారీదారు నిర్ణయించిన లాగుడు పరిమితి మించరాదు. మూడవది, లంకె. డాలీ కప్పు కొలత, వాహనం గుండు కొలత సరిపోవాలి. లంకె కింద గొలుసులు రెండూ ఒకదానినొకటి దాటేటట్లు తగిలిస్తే, లంకె ఊడినా కొయ్య నేల మీద పడక గొలుసుల ఉయ్యాలలో ఆగుతుంది.

వాడే విధానం

లాగే వాహనాన్నీ డాలీనీ చదునైన చోట ఒకే వరుసలో నిలపాలి. కారును తిన్నగా ఎక్కించి, రెండు ముందు చక్రాలకూ పట్టీలు సమంగా బిగించాలి. తిరుగుడు పళ్లెం గల డాలీ అయితే చక్రాలను నిటారుగా ఉంచి స్టీరింగుకు తాళం పడేటట్లు చూడాలి. హ్యాండుబ్రేకు వెనుక చక్రాలను పట్టి ఉంచుతుంది గనుక దానిని మరవక వదలాలి. ఇది మరచినవారు టైర్లు కాలి పొగ వచ్చిన తరువాత గాని గ్రహించరు. వెనుక కారుకు దీపాలు అమర్చాలి. కొద్ది కిలోమీటర్లు పోయిన వెంటనే ఆగి పట్టీలు మళ్లీ బిగించాలి. టైర్లు కుదురుకొనేసరికి అవి వదులవుతాయి.

మలుపులలో డాలీ ముందు వాహనం దారిన రాక లోపలి అంచుకు జరిగి వస్తుంది. కనుక మలుపు వెడల్పుగా తీసుకోవాలి. వెనుకకు నడపడం మాత్రం చేయరాదు. మామూలు ట్రైలరుకు మడతపడే చోటు ఒకటే. డాలీ మీది కారుకు రెండు. మొదటి మడతను సరిదిద్దబోతే రెండవది వంకర పోతుంది. ఏలూరు కాలువ గట్టు వంటి ఇరుకుదారిలోకి డాలీతో ప్రవేశించే ముందు, అవతల తిరుగుకొనే చోటు ఉన్నదో లేదో తెలుసుకోవాలి. లేకపోతే కారును దించి, డాలీని విప్పి చేత్తో తిప్పుకోవడమే మార్గం.

బడిలో చేయదగిన ప్రయోగం

ఈ విషయాలను ఉన్నత పాఠశాలలో సులభంగా చూపవచ్చు. ఒక చిన్న చెక్కకు రెండు చక్రాలూ, ముందు ఒక పుల్లా అమర్చి బండి చేయాలి. పుల్ల కొసను ఒక బొమ్మ కారు వెనుక మేకుకు వదులుగా తగిలించాలి. ఒక ఇటుకముక్కను ఇరుసుకు కొంచెం ముందు పెట్టి లాగి, తరువాత ఇరుసుకు వెనుక పెట్టి లాగి చూడాలి. రెండవసారి బండి తోక ఊపుతున్నట్లు అటూ ఇటూ ఊగడం కనిపిస్తుంది. ఎద్దుబండివాడు కాడి మీద కొంత బరువు ఎందుకు ఉంచేవాడో, ట్రైలరు కొయ్య మీద కూడా కొంత బరువు ఎందుకు ఉండాలో విద్యార్థులకు తెలుస్తుంది.

తరువాత స్ప్రింగు తరాజుతో బండిని నిలకడగా లాగి, బలం ఎంతో చదవాలి. పిదప బండిని దారంతో లాగి, చేతిని హఠాత్తుగా ఆపాలి. దారం వదులై, బండి వచ్చి చేతిని తాకుతుంది. లాగినప్పుడు తరాజు చూపిన బలం ఎంత తక్కువ, చేతికి తగిలిన దెబ్బ ఎంత ఎక్కువ అన్నది విద్యార్థులే చెప్పగలరు.

2008లో కాకినాడ–పుదుచ్చేరి జలమార్గాన్ని నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించినప్పుడు ఏలూరు కాలువ పేరు కూడా అందులో చేరింది. ఆ కాలువ గట్టున తాడు పట్టి నడిచినవారు లాకు ఇంకా దూరాన ఉండగానే లాగడం మానేవారు. ఇరవై టన్నులు తమ మాట వెంటనే వినవని వారికి తెలుసు. ఈనాడు రహదారి మీద డాలీకి కారు కట్టి లాగేవాడు నేర్చుకోవలసినది కూడా అదే. ఇంజను ఎంత బరువు లాగగలదు అని కాక, బ్రేకు ఎంత బరువు ఆపగలదు అని ముందుగా అడిగి, దానికి తగిన వేగంతో బయలుదేరాలి.